దేవరకొండ పాస్, మిర్యాలగూడ ఫెయిల్: గ్రేడిల్ ప్లగిన్‌ను మొదటి నుంచి చివరి దాకా పరీక్షించే పద్ధతి

వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజులు. పొద్దున ఏడింటికి మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లు గుమస్తా ఫోన్ చేసిండు. "అన్నా, కాంటా చీటీల మీద ఊరి పేర్లు ఖరాబు వస్తున్నయి. మిర్యాలగూడ సక్కగ పడ్తలేదు. దేవరకొండ మాత్రం మంచిగనే వస్తుంది. రైతులు ఈ చీటీ మాది కాదంటున్నరు."

ఒక ఊరి పేరు బాగానే పడి ఇంకో ఊరి పేరు పడకపోవడం ఏమిటో ఆ పూట నాకు అంతుపట్టలేదు. నల్గొండలో మేం ముగ్గురం కలిసి మిల్లులకు కాంటా ప్రోగ్రాం, గోనె సంచుల లెక్క, లారీల రాకపోకల రిజిస్టరు రాసిస్తాం. మూడింటికీ ఊర్ల పట్టిక ఒకటే. ఆ పట్టిక ఒక సీఎస్‌వీ ఫైల్లో ఉంటుంది. దాన్ని చదివి ప్రోగ్రాముకు కావలసిన ప్రాపర్టీస్ ఫైలు తయారుచేసే పని మేం రాసుకున్న ఒక చిన్న గ్రేడిల్ ప్లగిన్‌ది. గ్రేడిల్ అంటే జావా ప్రోగ్రాములను కట్టి జార్ తయారుచేసే బిల్డ్ పనిముట్టు, ప్లగిన్ అంటే దానికి మనం తగిలించే అదనపు పని. ప్లగిన్‌కు టెస్టులు ఉన్నాయి, అన్నీ పాసవుతున్నాయి. అయినా తప్పు మిల్లు దాకా పోయింది. ఆ తర్వాత రెండు వారాలు కూర్చుని పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి రాశాం. ఆ క్రమాన్నే ఇక్కడ పెడుతున్నా.

కమాండ్లు, క్లాసుల పేర్లు అన్నీ తెలుగు లిపిలో రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు వాటి అసలు స్పెల్లింగే వాడాలి. జావా, జేయూనిట్ 5, గ్రేడిల్ బిల్డ్ ఫైలు కొంత పరిచయం ఉంటే చాలు.

1. గ్రేడిల్‌తో పనిలేని భాగాన్ని బయటికి తీయండి

కొత్తగా ప్లగిన్ రాసేవాళ్లు పని మొత్తం టాస్క్ క్లాసులోనే కుక్కేస్తారు. మేమూ అట్లనే చేశాం. దాంతో ఒక లైనును సరిగ్గా విడగొడుతున్నామా లేదా అని చూడాలన్నా మొత్తం బిల్డ్ నడపాల్సి వచ్చేది. సీఎస్‌వీ లైను చదవడం, ఖాళీలు తీసేయడం, ఒకే ఊరు రెండుసార్లు వచ్చిందేమో చూడటం, వీటికి గ్రేడిల్ అక్కరలేదు. వాటిని మామూలు జావా క్లాసులోకి మార్చండి. టాస్క్ చేయాల్సిందల్లా ఫైలును తెచ్చి ఆ క్లాసు చేతికిచ్చి, వచ్చిన ఫలితాన్ని రాయడం.

ఈ క్లాసుకు రాసే యూనిట్ టెస్టులు క్షణంలో అయిపోతాయి కాబట్టి చిక్కు కేసులన్నీ ఇక్కడే పెట్టుకోవాలి. మా పట్టికలో దొరికిన ఒక చిక్కు చెబుతా. "మహబూబ్‌నగర్" అనే పేరులో 'బ్' తర్వాత 'న' విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉండాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొందరు ఆపరేటర్లు అది పెట్టి టైప్ చేస్తారు, కొందరు పెట్టరు. పెట్టకపోతే 'న' వత్తుగా మారి "మహబూబ్నగర్" అవుతుంది. మనిషికి రెండూ ఒకటే ఊరు, ప్రోగ్రాముకు రెండు వేర్వేరు ఊర్లు. అందుకే డూప్లికేట్లు పోల్చేటప్పుడు 200సీ, దాని తోబుట్టువు 200డీ రెండింటినీ తీసేసి పోల్చుతాం. ముద్రించేటప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుతాం. దీనికి రెండు టెస్టులు: రెండు రకాలుగా రాసిన పేర్లు డూప్లికేటుగా పట్టుబడాలి, ముద్రణకు పోయే పేరులో 200సీ చెక్కుచెదరకుండా ఉండాలి. రెండోది రాయకపోతే ఎవరో ఒకరోజు శుభ్రం చేస్తున్నామనుకుని దాన్ని తుడిచేస్తారు.

డూప్లికేటు అంటే ఏమిటో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఒకే పేరున్న ఊర్లు వేర్వేరు మండలాల్లో ఉంటాయి, అది తప్పు కాదు. మండలం, ఊరు కలిపితేనే మాకు గుర్తు. జిల్లాను గుర్తులో కలపొద్దని కష్టపడి నేర్చుకున్నాం. 2016 అక్టోబర్ 11న పాత నల్గొండ మూడు జిల్లాలైంది, 2019 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట విడిపోయింది. మిల్లుల్లో పాత పట్టికలు ఇంకా తిరుగుతున్నాయి. పాత జిల్లా పేరుతో ఒకసారి, కొత్త పేరుతో ఒకసారి వచ్చిన ఊరు రెండు ఊర్లుగా నమోదైతే రైతు లెక్క రెండు ముక్కలవుతుంది.

2. ప్రాజెక్ట్‌బిల్డర్‌తో పైపై పరీక్ష

ప్లగిన్ ప్రాజెక్టులో 'జావా-గ్రేడిల్-ప్లగిన్' అనే గ్రేడిల్ వారి సొంత ప్లగిన్‌ను పెట్టుకోండి. ప్లగిన్ ఐడీ నమోదు, టెస్టులకు కావలసిన క్లాస్‌పాత్, తర్వాత చెప్పబోయే వాలిడేషన్ అన్నీ దీనితోనే వస్తాయి.

ప్రాజెక్ట్‌బిల్డర్ మెమరీలో ఒక ఉత్తుత్తి ప్రాజెక్టును తయారుచేసి ఇస్తుంది. దానికి మన ప్లగిన్ తగిలించి టాస్క్ నమోదైందా, డీఫాల్ట్ విలువలు సరిగా ఉన్నాయా అని చూడొచ్చు. అంతకుమించి ఆశించొద్దు. అది టాస్క్‌ను నిజంగా నడపదు. క్యాష్ (పాత ఫలితాలను దాచి మళ్లీ వాడటం) ఉండదు, అప్-టు-డేట్ లెక్క (ఏమీ మారకపోతే పని మళ్లీ చేయకపోవడం) ఉండదు. ఇవి రెండో మూడో రాసుకుని ముందుకు పోవడమే మంచిది. మేం ఒకప్పుడు ఇట్లాంటివి ఇరవై దాకా రాసి ప్లగిన్ మొత్తాన్ని పరీక్షించామనుకున్నాం.

3. వాలిడేట్‌ప్లగిన్స్ చెప్పే మాట వినండి

'జావా-గ్రేడిల్-ప్లగిన్' ఉంటే 'వాలిడేట్‌ప్లగిన్స్' అనే టాస్క్ దానంతటదే వస్తుంది, 'చెక్' నడిపినప్పుడు అదీ నడుస్తుంది. మన టాస్క్ క్లాసుల్లోని ప్రతి ప్రాపర్టీ ఇన్‌పుటా, అవుట్‌పుటా, లోపలి వాడకానిదా అనేది అనొటేషన్‌తో రాసి ఉందో లేదో ఇది చూస్తుంది. రాయని ప్రాపర్టీ కనిపిస్తే బిల్డ్ ఆపేస్తుంది.

ఇది పట్టింపులా అనిపించొచ్చు కానీ కాదు. ఊర్ల ఫైలుకు ఇన్‌పుట్‌ఫైల్ అనే అనొటేషన్ లేకపోతే ఆ ఫైలు మారినా గ్రేడిల్‌కు తెలియదు. కొత్త ఊరు చేర్చి బిల్డ్ కొడితే "అప్-టు-డేట్" అని పాత ఫైలే చేతిలో పెడుతుంది. దీనివల్ల పోయిన గంటలు లెక్కపెట్టలేను.

దీనికి 'ఎనేబుల్‌స్ట్రిక్టర్‌వాలిడేషన్' అనే గట్టి సెట్టింగ్ ఉంది. మొదటి రోజే దాన్ని ట్రూ చేసుకోండి. అప్పుడు ప్రతి టాస్క్‌నూ క్యాష్ చేయవచ్చో లేదో, చేయకూడదంటే ఎందుకో రాయమంటుంది. ప్రతి ఇన్‌పుట్ ఫైలుకూ పాత్ సెన్సిటివిటీ అడుగుతుంది, అంటే ఫైలు ఏ ఫోల్డరులో ఉందన్నది ఫలితానికి ముఖ్యమా కాదా అని. మా సీఎస్‌వీ ఎక్కడున్నా లోపలి ఊర్లే ముఖ్యం, కాబట్టి 'నన్' అని రాశాం. కొన్ని ఫైళ్లకు ప్రాజెక్టు లోపలి దారి ముఖ్యమవుతుంది, వాటికి 'రెలెటివ్'. 'అబ్సల్యూట్' అని రాయాల్సిన అవసరం మాకు ఇంతవరకు రాలేదు.

4. టెస్ట్‌కిట్: అసలు పరీక్ష ఇక్కడే

టెస్ట్‌కిట్ 2015లో గ్రేడిల్ 2.6తో వచ్చింది. ఒక తాత్కాలిక ఫోల్డరులో నిజమైన చిన్న ప్రాజెక్టు పెట్టి, నిజమైన గ్రేడిల్‌తో బిల్డ్ నడిపి, వచ్చిన ఫలితాన్ని మన టెస్టు చేతికిస్తుంది. ప్లగిన్ వాడేవాడి అనుభవానికి ఇంతకన్నా దగ్గరి పరీక్ష లేదు. టైం తక్కువుంటే మిగతావి వాయిదా వేసి ముందు ఇది రాయండి.

ఈ టెస్టులను 'ఎస్ఆర్‌సీ' కింద 'ఫంక్షనల్‌టెస్ట్' అనే వేరే ఫోల్డరులో పెట్టి, 'గ్రేడిల్‌ప్లగిన్' బ్లాకులోని 'టెస్ట్‌సోర్స్‌సెట్స్'కు ఆ పేరు చెప్పండి. అప్పుడే ప్లగిన్ క్లాస్‌పాత్ వాటికి అందుతుంది. ఆ టాస్క్‌ను 'చెక్'కు కట్టడం మరిచిపోవద్దు. కట్టకపోతే టెస్టు ఉంటుంది కానీ ఎప్పుడూ నడవదు.

ఒక టెస్టు లోపల జరిగేది ఇది. జేయూనిట్ ఇచ్చే టెంప్‌డైర్‌లో మూడు ఫైళ్లు రాస్తాం. మొదటిది సెట్టింగ్స్ ఫైలు, ప్రాజెక్టు పేరు ఒక్కటే ఉన్నా సరే తప్పక పెట్టాలి. అది లేకపోతే గ్రేడిల్ దానికోసం పై ఫోల్డర్లలో వెతుకుతుంది. రెండోది బిల్డ్ ఫైలు, అందులో 'ప్లగిన్స్' బ్లాకులో మన ఐడీ, వెర్షన్ లేకుండా. మూడోది ఊర్ల సీఎస్‌వీ. తర్వాత గ్రేడిల్‌రన్నర్‌ను తయారుచేసి 'విత్‌ప్రాజెక్ట్‌డైర్'కు ఆ ఫోల్డరు, 'విత్‌ఆర్గ్యుమెంట్స్'కు టాస్క్ పేరు, '--స్టాక్‌ట్రేస్' ఇచ్చి, 'విత్‌ప్లగిన్‌క్లాస్‌పాత్' పిలిచి, చివర 'బిల్డ్' అనాలి. మొదట్లో 'ఫార్వర్డ్‌అవుట్‌పుట్' కూడా పెట్టుకుంటే లోపలి బిల్డ్ ఏం మాట్లాడుతోందో మన తెరమీదే కనిపిస్తుంది.

తిరిగి వచ్చే ఫలితంలో ప్రతి టాస్క్‌కూ ఒక అవుట్‌కమ్ ఉంటుంది. అవి ఆరు: సక్సెస్, ఫెయిల్డ్, అప్-టు-డేట్, స్కిప్డ్, ఫ్రమ్-క్యాష్, నో-సోర్స్. చాలామంది బిల్డ్ పాసైతే చాలనుకుని ఆగిపోతారు. స్కిప్ అయినా బిల్డ్ పాసే కదా! అందుకే అవుట్‌కమ్‌ను పేరుపెట్టి అడగాలి, పుట్టిన ఫైలును తెరిచి లోపలి అక్షరాలు చూడాలి.

మేం తప్పనిసరి చేసుకున్న వరుస ఇట్లుంటుంది. మొదటిసారి నడిపితే సక్సెస్, ఫైలులో ఊర్లన్నీ ఉండాలి. ఏమీ మార్చకుండా మళ్లీ నడిపితే అప్-టు-డేట్. సీఎస్‌వీలో ఒక ఊరు చేర్చి నడిపితే మళ్లీ సక్సెస్, కొత్త ఊరు ఫైలులో కనిపించాలి. ఒక ఊరు తీసేసి నడిపితే అది ఫైలులోంచి పోవాలి. ఈ చివరిది చాలామంది రాయరు. పాత ఫైలుకు తోక తగిలించే ప్లగిన్ ఇక్కడే దొరికిపోతుంది.

ఫెయిల్ కావలసిన కేసులకు 'బిల్డ్' బదులు 'బిల్డ్‌అండ్‌ఫెయిల్' వాడాలి. మండలం గడి ఖాళీగా ఉన్న సీఎస్‌వీ ఇచ్చి, బిల్డ్ ఆగిందా అని మాత్రమే కాదు, ఎర్రర్ మెసేజీలో ఫైలు పేరూ వరుస సంఖ్యా ఉన్నాయా అని చూస్తాం. నాలుగు వేల వరుసల పట్టికలో "డేటా తప్పుంది" అంటే ఎవరు వెతుకుతారు? తప్పు ఏ వరుసలో ఉందో చెప్పడం కూడా ప్లగిన్ పనే, కాబట్టి దానికీ పరీక్ష ఉండాలి.

టెస్టు ఎందుకు పడిపోతుందో తెలియకపోతే 'విత్‌డీబగ్'ను ట్రూ చేయండి. అప్పుడు లోపలి బిల్డ్ వేరే డిమన్‌లో (గ్రేడిల్ వెనకాల నడిపే వేరే జావా ప్రాసెస్) కాకుండా టెస్టు నడిచే జావాలోనే నడుస్తుంది, ఐడీఈలో బ్రేక్‌పాయింట్ పెట్టి ఆగవచ్చు. పని అయ్యాక తీసేయండి. వేరే ప్రాసెస్‌లో నడవకపోతే కొన్ని తప్పులు దాక్కుంటాయి. అందులో ఒకటి కింద చెప్పబోయేదే.

5. ఏ పేర్లతో పరీక్షిస్తున్నారు?

మళ్లీ గుమస్తా ఫోన్ దగ్గరికి వస్తా. అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే.

నా ల్యాప్‌టాప్ లినక్స్, అక్కడ అన్నీ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగే (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి). ఆ వారం నేను ఊర్లో లేను, మా తమ్ముడు తన విండోస్ ల్యాప్‌టాప్‌లో, జావా 11 మీద బిల్డ్ చేసి జార్ పంపిండు. పంపే ముందు టెస్టులు నడిపిండు, అన్నీ పచ్చగానే వచ్చాయి. ప్లగిన్‌లో ఫైలు చదివే చోట, రాసే చోట ఎన్‌కోడింగ్ పేరు చెప్పకుండా వదిలేసింది నేనే. జావా 18కి ముందు, చెప్పకపోతే జావా ఆ కంప్యూటరు డీఫాల్ట్‌ను తీసుకుంటుంది. మన దగ్గరి విండోస్ మెషీన్లలో మామూలుగా అది విండోస్-1252. జావా 18 నుంచి డీఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది.

తెలుగు ఫైలును 1252గా చదివితే అన్ని అక్షరాలూ చెడాలి కదా, దేవరకొండ ఎట్ల బతికింది? తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. 1252గా చదివినప్పుడు ఆ మూడూ మూడు పిచ్చి అక్షరాలవుతాయి. అదే 1252గా తిరిగి రాస్తే ఆ మూడు మళ్లీ అవే మూడు బైట్లుగా బయటికొస్తాయి. తప్పుగా చదివి, అంతే తప్పుగా రాస్తే ఒప్పయిపోతుంది! అయితే 1252లో ఐదు బైట్లకు ఏ అక్షరమూ లేదు: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. వాటిని జావా గుర్తుపట్టలేక పారేస్తుంది, రాసేటప్పుడు ఆ చోట ప్రశ్నార్థకం పెడుతుంది.

ఆ ఐదు బైట్లతో ముగిసే తెలుగు అక్షరాలు ఏవో కూర్చుని లెక్కతీశాం. ఏ, ఐ, ఝ, అరసున్న, కొమ్ము, పొల్లు. పొల్లు అంటే వత్తున్న ప్రతి మాటా, చివర పొల్లున్న ప్రతి మాటా. దేవరకొండలో ఇవేవీ లేవు. హాలియాలో లేవు, కోదాడలో లేవు, నారాయణపేటలో లేవు. మా టెస్టు సీఎస్‌వీలో అప్పటిదాకా ఉన్న ఊర్లు దేవరకొండ, హాలియా, కోదాడ. మూడూ క్షేమంగా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చే పేర్లే. మిర్యాలగూడలో 'ర్య' ఉంది, నల్గొండలో 'ల్గొ' ఉంది, మునుగోడులో కొమ్ములున్నాయి. ఇవన్నీ చీటీ మీద మధ్యలో డబ్బా, పక్కనే ప్రశ్నార్థకంతో పడ్డాయి.

ఇప్పుడు మా టెస్టు ఫైలులో ఉండే పేర్లు ఏరికోరి పెట్టినవి. వత్తు కోసం మిర్యాలగూడ, చివరి పొల్లు కోసం నకిరేకల్, కొమ్ము కోసం మునుగోడు, 'ఏ' కోసం ఏనుగొండ, 'ఐ' కోసం ఐటిపాముల, 200సీ కోసం మహబూబ్‌నగర్. 'ఝ'కు మన వైపు పేరు తట్టక సంగారెడ్డి జిల్లా ఝరాసంగం తెచ్చుకున్నాం. దేవరకొండను తీసేయలేదు, అదీ ఉంది.

పేర్లు మార్చితే సగం పనే. ఈ పరీక్ష నా లినక్స్ మెషీన్ మీద కూడా ఆ తప్పును పట్టాలి. దానికోసం టెస్టు ప్రాజెక్టులో 'గ్రేడిల్.ప్రాపర్టీస్' ఫైలు రాసి, అందులో 'ఆర్గ్.గ్రేడిల్.జేవీఎంఆర్గ్స్'కు '-డీ ఫైల్.ఎన్‌కోడింగ్' విలువ విండోస్-1252 అని ఇస్తాం (డీ తర్వాత ఖాళీ ఉండదు). టెస్ట్‌కిట్ లేపే డిమన్ ఆ ఎన్‌కోడింగ్‌తోనే లేస్తుంది. 'విత్‌డీబగ్' పెడితే డిమనే ఉండదు, ఈ సెట్టింగు పనిచేయదు, అందుకే అది తీసేయమన్నది. ఈ టెస్టును జావా 17 మీద నడపండి. 18 నుంచి ఆ సెట్టింగుకు అధికారికంగా చెల్లేవి యూటీఎఫ్-8, కంపాట్ అనే రెండు విలువలే.

టెస్టు రాసిన వెంటనే పాత ప్లగిన్ మీద నడిపి అది ఫెయిలవడం కళ్లారా చూశాం. ఆ తర్వాతే ప్లగిన్‌లో చదివే చోటా రాసే చోటా స్టాండర్డ్‌చార్‌సెట్స్‌లోని యూటీఎఫ్-8 అని రాశాం. ఈ వరుస తిప్పొద్దు. ముందే బాగుచేసి తర్వాత టెస్టు రాస్తే అది ఆ తప్పును నిజంగా పడుతుందో లేదో ఎప్పటికీ తెలియదు.

6. ఒకే ఇన్‌పుట్‌కు ఒకే ఫైలు, ప్రతిసారీ

రెండు వేర్వేరు ఫోల్డర్లలో ఒకే ప్రాజెక్టు పెట్టి రెండుచోట్లా నడిపి, వచ్చిన ఫైళ్లను బైటుకు బైటు పోల్చండి. మాది మొదటిసారే తప్పింది. జావాలో ప్రాపర్టీస్ క్లాసుకున్న 'స్టోర్' పద్ధతి ఫైలు మొదట్లో ఆ నిమిషపు తేదీ, సమయం కామెంటుగా రాస్తుంది. ఊర్లు మారకపోయినా ఫైలు ప్రతిసారీ మారుతుంది, దాని మీద ఆధారపడిన టాస్కులన్నీ కొత్త మెషీన్ మీద మళ్లీ నడుస్తాయి. మేం 'స్టోర్' వదిలేసి పేర్లను వరుసలో పెట్టి, లైను చివర ఎప్పుడూ '\ఎన్' మాత్రమే వచ్చేలా సొంతంగా రాసుకున్నాం. సొంతంగా రాయడం ఇష్టంలేకపోతే గ్రేడిల్‌లోనే రైట్‌ప్రాపర్టీస్ అనే టాస్క్ ఉంది, అది తేదీ రాయదు. దానికి ఎన్‌కోడింగ్ మాత్రం మీరే చెప్పాలి, డీఫాల్ట్ యూటీఎఫ్-8 కాదు.

టాస్క్‌కు 'క్యాషబుల్‌టాస్క్' అని రాసి ఉంటే బిల్డ్ క్యాష్‌నూ పరీక్షించాలి. మొదటి ఫోల్డరులో '--బిల్డ్-క్యాష్'తో నడిపితే సక్సెస్ రావాలి. రెండో ఫోల్డరులో నడిపితే ఫ్రమ్-క్యాష్ రావాలి. రాకపోతే పూర్తి ఫోల్డరు దారి ఎక్కడో ఇన్‌పుట్‌గా చొరబడిందని అర్థం. దీంట్లో ఒక ఉచ్చుంది. సెట్టింగ్స్ ఫైలులో లోకల్ క్యాష్‌కు ఆ టెస్టుకే చెందిన ఫోల్డరు చూపించకపోతే, నిన్నటి టెస్టు వదిలిన క్యాష్ ఈరోజు దొరికి మొదటి బిల్డే ఫ్రమ్-క్యాష్ అంటుంది.

7. కాన్ఫిగరేషన్ క్యాష్

బిల్డ్ ఫైళ్లను చదివి వేసుకున్న ప్రణాళికను గ్రేడిల్ దాచుకుని, మళ్లీసారి చదవకుండా దాన్నే వాడుకోవడం ఇది. గ్రేడిల్ 8.1 నుంచి స్థిరపడింది. పరీక్ష చిన్నది: '--కాన్ఫిగరేషన్-క్యాష్' ఇచ్చి రెండుసార్లు నడిపి, రెండోసారి అవుట్‌పుట్‌లో కాన్ఫిగరేషన్ క్యాష్‌ను మళ్లీ వాడుతున్నట్టు చెప్పే వాక్యం ఉందా అని చూడటం. పాత ప్లగిన్లు దాదాపు ఒకే కారణంతో ఇక్కడ పడిపోతాయి. టాస్క్ నడిచే సమయంలో 'ప్రాజెక్ట్' అనే వస్తువును పట్టుకుని ఏదో అడుగుతాయి. కావలసినవన్నీ ముందే ప్రాపర్టీల్లోకి తెచ్చుకుంటే సరిపోతుంది. బద్ధకించకుండా చేయండి, పెద్ద ప్రాజెక్టులవాళ్లు ప్లగిన్ ఎంచుకునేటప్పుడు మొదట చూసేది ఇదే.

8. ఎన్ని గ్రేడిల్ వెర్షన్లు?

'విత్‌గ్రేడిల్‌వెర్షన్'కు సంఖ్య ఇస్తే టెస్ట్‌కిట్ ఆ వెర్షన్‌ను దించుకుని దానితో నడుపుతుంది. జేయూనిట్ పారామీటరైజ్డ్ టెస్టుతో ఒకే టెస్టును నాలుగైదు వెర్షన్ల మీద తిప్పొచ్చు. అన్ని వెర్షన్లూ అక్కర్లేదు. మీరు నడుస్తుందని మాటిచ్చిన అతి పాతది, ప్రతి పెద్ద వెర్షన్‌లో చివరిది, ఇప్పటి తాజాది, ఇవి చాలు.

జావాను చూసి ఎంచుకోవాలి. జావా 17 మీద గ్రేడిల్ నడవాలంటే కనీసం 7.3 కావాలి. గ్రేడిల్ 9 నడవాలంటే కనీసం జావా 17 కావాలి. అంటే ఒక్క జావా 17 పెట్టుకుంటే 7.3 నుంచి 9 దాకా అన్నిటినీ దానిమీదే పరీక్షించవచ్చు. కాన్ఫిగరేషన్ క్యాష్ టెస్టును మాత్రం 8.1 పైబడిన వాటికే పెట్టండి.

ఒక్కో వెర్షన్ డౌన్‌లోడ్ వంద ఎంబీ దాటుతుంది. ఎండాకాలం కరెంటు పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే మధ్యాహ్నాలు మాకు కొత్త కాదు. అందుకని ల్యాప్‌టాప్‌లో రెండు వెర్షన్లే నడుస్తాయి, మిగతావి రాత్రిపూట సీఐ సర్వర్ (టెస్టులను దానంతటదే నడిపే మెషీన్) మీద. సర్వర్‌లో విండోస్ ఒకటి, లినక్స్ ఒకటి తప్పనిసరి.

తాజా వెర్షన్ మీద '--వార్నింగ్-మోడ్=ఫెయిల్' అని కూడా ఇవ్వండి. వచ్చే వెర్షన్‌లో తీసేయబోతున్న పాత పద్ధతిని ప్లగిన్ వాడుతుంటే బిల్డ్ ఇప్పుడే ఆగుతుంది.

9. పంచిపెట్టే ముందు

'విత్‌ప్లగిన్‌క్లాస్‌పాత్' క్లాసులను నేరుగా అందిస్తుంది కాబట్టి, ప్లగిన్‌ను పబ్లిష్ చేశాక దొరుకుతుందా లేదా అన్నది అది చూడదు. పామ్ ఫైలులో (ప్లగిన్‌కు కావలసిన లైబ్రరీల జాబితా ఉండే ఫైలు) ఒక డిపెండెన్సీ తప్పిపోయినా టెస్టులన్నీ పాసే. ఐడీతో ప్లగిన్‌ను వెతికేందుకు గ్రేడిల్ వాడే మార్కర్ అనే చిన్న ఆర్టిఫాక్ట్ ఒకటుంటుంది, దాని పేరు మన ఐడీ చివర '.గ్రేడిల్.ప్లగిన్' చేర్చినట్టుంటుంది. అదీ సరిగా రావాలి.

అందుకే చివరి పరీక్షను వేరేగా చేస్తాం. బిల్డ్ ఫోల్డరులోనే ఒక మావెన్ రిపోజిటరీ పెట్టి ప్లగిన్‌ను అందులోకి పబ్లిష్ చేసి, ఖాళీ టెస్టు ప్రాజెక్టు సెట్టింగ్స్‌లోని 'ప్లగిన్‌మేనేజ్‌మెంట్'కు ఆ రిపోజిటరీని చూపించి, ఈసారి ఐడీతో పాటు వెర్షన్ కూడా రాసి నడుపుతాం. మెషీన్ మీదున్న మావెన్‌లోకల్ వాడొద్దు. పోయిన నెల పెట్టిన పాత జార్ అందులో ఉండి మనల్ని మోసం చేస్తుంది. ఆండ్రాయిడ్ ప్లగిన్ లాంటి ఇంకో ప్లగిన్ క్లాసులను మీ ప్లగిన్ తాకుతుంటే ఈ పద్ధతే మొదటి నుంచీ మేలు, ఎందుకంటే టెస్ట్‌కిట్ నేరుగా అందించిన క్లాస్‌పాత్‌కు అవి కనబడకపోవచ్చు.

ఆ తర్వాత మన అసలు ప్రాజెక్టులు. కాంటా ప్రోగ్రాం ఫోల్డరులో నిలబడి '--ఇంక్లూడ్-బిల్డ్' పక్కన ప్లగిన్ ఫోల్డరు దారి ఇస్తే, పబ్లిష్ చేయకుండానే కొత్త ప్లగిన్‌తో బిల్డ్ అవుతుంది. గోనె సంచులు, లారీల ప్రోగ్రాములకూ ఇదే. గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్‌లో పెట్టేవాళ్లైతే 'పబ్లిష్‌ప్లగిన్స్'కు '--వాలిడేట్-ఓన్లీ' తగిలించి ముందు ఒకసారి నడపండి. ఏమీ ఎక్కించకుండా వివరాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చెబుతుంది. పోర్టల్‌లోకి పోయిన వెర్షన్‌ను అదే సంఖ్యతో మళ్లీ పెట్టడం కుదరదు.

మేం కొత్త జార్‌ను ముందు ఒక్క మిల్లుకే పంపుతాం. అక్కడి గుమస్తాకు ఏడు ఊర్ల పేర్లు రాసిస్తాం, అవి దేవరకొండ కాక టెస్టు ఫైలులో ఏరికోరి పెట్టిన ఆ ఏడే. ఒక్కో పేరుతో ఒక ఖాళీ చీటీ ముద్రించి ఫోటో తీసి పంపుతాడు. ఏడు ఫోటోలూ చూశాకే మిగతా మిల్లులకు పోతుంది.